భోజనం బుట్ట చెప్పిన సాక్ష్యం



డిటెక్టివ్ కథ అనగానే మనకు ఏం గుర్తొస్తుంది? చీకటి సందు, పిస్తోలు, కారు వెంటపడే ఇంకో కారు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు. అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాన్ని మర్నాడే తిరిగిచ్చేయాలి గనక దుప్పటి కప్పుకుని టార్చిలైటు వెలుగులో చదివినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. ఈ పూట నేను మాట్లాడేది ఆ కథల గురించి కాదు. నేరం ఉంటుంది, రహస్యం ఉంటుంది, కానీ రాత్రి నిద్ర మాత్రం చెడదు. అలాంటి కథల గురించి.

ఇంగ్లీషులో వీటిని కోజీ మిస్టరీలంటారు. చిన్న ఊరు. ఎవరింట్లో ఏ కూర వండారో పక్కింటికి తెలిసిపోయే ఊరు. అక్కడ ఒక నేరం జరుగుతుంది. నెత్తురు మన కళ్ళముందు కారదు. పోలీసులు వస్తారు, రాసుకుంటారు, తల గోక్కుంటారు. చివరికి ముడి విప్పేది మాత్రం ఏ బేకరీ నడుపుకునే ఆవిడో, ఏ లైబ్రరీ ఉద్యోగో, ఊలు అల్లుకుంటూ కూర్చునే ఏ పెద్దావిడో. తుపాకీ పట్టడం రాదు, వేలిముద్రలు తీయడం రాదు. మనుషుల్ని చూడటం మాత్రం వచ్చు.

ఈ కథలకు ఈమధ్య బాగా నచ్చుతున్న చోటు ఒకటుంది. రచయితల విడిది. ఊరి చివర తోట, తోటలో ఒక పాత బంగళా. అక్కడికి నలుగురైదుగురు రచయితలు వచ్చి కొన్నాళ్ళుంటారు, ప్రశాంతంగా రాసుకుందామని. ఆ ప్రశాంతత ఎన్నాళ్ళుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అదే చోటు ఎందుకు? నాకు తోచిన కారణం ఇది. రచయితలు రోజంతా తమ లోపలికి చూసుకుంటారు. వాళ్ళకు వండి వడ్డించేవాళ్ళు మనుషుల్ని చూస్తారు. మళ్ళీ చెబుతాను. రాసేవాళ్ళు లోపలికి చూసుకుంటారు, వడ్డించేవాళ్ళు మనుషుల్ని చూస్తారు. ఈ రెండు చూపులూ ఒకే ఇంట్లో పడితే కథ దానంతటదే పుడుతుంది.

ఈ సంగతి ఇంగ్లీషు డిటెక్టివ్ రచయిత్రి అగాథా క్రిస్టీకి మొదట్లోనే తెలుసు. మిస్ మార్పుల్ అనే వృద్ధురాలు తొలిసారి కనిపించిన కథ 1927 డిసెంబరులో ఒక పత్రికలో వచ్చింది. మంగళవారం రాత్రి కొందరు ఆవిడ ఇంట్లో కూర్చుని ఉంటారు. ఒక లాయరు, ఒక మతగురువు, పోలీసుశాఖలో పెద్ద హోదాలో పనిచేసి దిగిపోయిన ఒకాయన, ఒక చిత్రకారిణి. వీళ్ళతోపాటు మార్పుల్ గారి మేనల్లుడు, నవలలు రాసే రేమండ్. తలా ఒక నిజమైన చిక్కుముడి చెప్పాలి, మిగతావాళ్ళు విప్పాలి. ఇదీ ఆట. రచయితనన్న ధీమా రేమండ్‌కు నిండా ఉంది. మనిషి మనసు లోతులు తనకు తెలిసినంతగా ఎవరికి తెలుసని! ఆటలో ఎంతమందిమని లెక్కపెట్టేటప్పుడు మూలన కూర్చుని అల్లుకుంటున్న అత్తయ్యను ఎవరూ లెక్కలో వేసుకోరు. నేనూ ఉన్నానని ఆవిడే గుర్తు చేయాల్సి వస్తుంది. ఆ తర్వాత ముడి విప్పింది ఎవరో మీరు ఊహించగలరు. ఎలా విప్పిందో చెబితే కథ పాడవుతుంది. ఒక్కటి మాత్రం చెబుతాను. జవాబు మనస్తత్వ శాస్త్రంలో లేదు, వంటింట్లో ఉంది.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ కథ రావడానికి సరిగ్గా ఏడాది ముందు, క్రిస్టీ జీవితంలోనే ఇలాంటిది జరిగింది. 1926 డిసెంబరు 3, శుక్రవారం రాత్రి. ఆవిడ కారు తీసుకుని ఇంట్లోంచి వెళ్ళిపోయారు. మర్నాడు కారు దొరికింది. అందులో కోటు ఉంది, మనిషి లేదు. వందల మంది పోలీసులు, వాళ్ళ వెంట ఊళ్ళ జనం పొలాలూ పొదలూ గాలించారు. విమానాలతో వెతికారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ అయితే ఆవిడ చేతితొడుగు ఒకటి సంపాదించి, ఆత్మలతో మాట్లాడే మనిషికి ఇచ్చి అడిగారు. డొరొతీ సేయర్స్ అనే మరో డిటెక్టివ్ రచయిత్రి కారు దొరికిన చోటికి స్వయంగా వెళ్ళి చూశారు. అంటే ఆ దేశంలో నేరకథలు రాసేవాళ్ళలో పేరున్న ఇద్దరు రంగంలోకి దిగారన్నమాట.

మరి దొరికింది ఎవరికి? ఉత్తర ఇంగ్లండులో హారొగేట్ అని ఒక ఊరుంది. ఖనిజ జలాల స్నానాలకు పేరుపడ్డ ఊరు. అక్కడ ఒక హోటల్లో క్రిస్టీ వేరే పేరుతో గది తీసుకుని ఉంటున్నారు. ఆ మారుపేరులోని ఇంటిపేరు ఎవరిదో తెలుసా? ఆవిడ భర్త ఎవరిని ప్రేమిస్తున్నాడో ఆ అమ్మాయిది. పేపర్లలో రోజూ ఆవిడ బొమ్మ వస్తోంది. ఆ పేపర్లు ఆ హోటలుకూ వస్తున్నాయి. భోజనాల హాలులో సంగీతం వాయించే బృందం ఉంటుంది కదా, అందులోని ఇద్దరు మనిషిని పోల్చుకుని పోలీసులకు కబురు పెట్టారు. పదకొండు రోజుల వెతుకులాట అలా ముగిసింది. చూశారా, కనిపెట్టింది మహారచయితలు కాదు, అన్నాల వేళ వాయిద్యం వాయించేవాళ్ళు. ఆ హోటలు ఇప్పటికీ ఉంది. 2003లో మొదలైన నేరకథా రచయితల ఉత్సవం ఏళ్ళ తరబడి ఆ హోటల్లోనే జరుగుతూ వచ్చింది. వేదిక అంతకన్నా బాగా ఎవరు ఎంచుకోగలరు!

రచయితల విడిది అన్నాను కదా, అలాంటిది ఒకటి చూడటానికి ఇప్పుడు మిమ్మల్ని అమెరికా తీసుకెళ్తాను. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో పీటర్‌బరో అనే చిన్న ఊరు. ఎడ్వర్డ్ మెక్‌డొవెల్ అనే సంగీతకర్త, ఆయన భార్య మరియన్ అక్కడ ఒక వ్యవసాయ క్షేత్రం కొనుక్కున్నారు. ఆయన ఏకాంతంగా సంగీతం రాసుకోవడానికి అడవిలో ఒక కర్రల కుటీరం కట్టించారు. ఆ ఏకాంతం మిగతా కళాకారులకూ దొరకాలని 1907లో ఆ తోటను విడిదిగా మార్చారు. మరుసటి ఏడాది జనవరిలోనే ఆయన పోయారు. మరియన్ పియానో విద్వాంసురాలు. ఊరూరా కచేరీలు చేసి, ఆ డబ్బుతో దశాబ్దాలపాటు విడిదిని నిలబెట్టారు. మీలో నాటకాలంటే ఇష్టమున్నవాళ్ళు థార్న్‌టన్ వైల్డర్ పేరు వినే ఉంటారు. ఆయన 'అవర్ టౌన్' నాటకం కొంత అక్కడే రాశారు. అందులో కనిపించే పల్లెటూరికి పీటర్‌బరో పోలికలే ఉన్నాయి.

ఆ విడిదిలో చెట్ల మధ్య విడివిడిగా కుటీరాలుంటాయి. ఒక కుటీరం నుంచి ఇంకొకటి కనిపించదు. పిలవకుండా ఎవరూ ఎవరి దగ్గరికీ పోకూడదు. మరి మధ్యాహ్నం భోజనం? అది బుట్టలో వస్తుంది. వంటింట్లో సర్దిన అల్లిక బుట్టను తెచ్చి గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టకుండా, పలకరించకుండా, వెళ్ళిపోతారు. లోపల కవి ఒక మాట కోసం తన్నుకులాడుతుంటాడేమో, తలుపు చప్పుడుకు ఆ మాట కాస్తా ఎగిరిపోతే ఎలా! ఈ బుట్ట ఆనవాయితీకి ఆ దేశంలో పెద్ద పేరు. ఆ కుటీరాల గోడలకు చెక్కపలకలు వేలాడుతుంటాయి. అక్కడ ఉండి వెళ్ళినవాళ్ళందరూ వాటిమీద సంతకం పెడతారు. ఆ పలకలకు వాళ్ళు పెట్టుకున్న పేరు సమాధిరాళ్ళు! రహస్యకథ రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ బుట్టను నేను వదల్లేను. దాంతో ఒక కథ అల్లుకుందాం రండి. ఊరు ఊహలోది, మనుషులూ ఊహలోని వాళ్ళే. బుట్ట ఒక్కటే నిజం.

కొండ కింద చిన్న ఊరు. ఊరవతల రచయితల విడిది. ఇప్పుడక్కడ నలుగురున్నారు. ఒకాయన పేరు మోసిన నవలాకారుడు, డెబ్బై దాటిన మనిషి. ఇంకొకరు కవయిత్రి. మూడో ఆయన గొప్పవాళ్ళ జీవితచరిత్రలు రాస్తాడు. నాలుగో మనిషి ఇంకా పుస్తకం అచ్చుకాని కుర్ర రచయిత్రి. వీళ్ళందరికీ వండిపెట్టేది ఊళ్ళోనే పుట్టి పెరిగిన ఒక పెద్దావిడ. శనివారం నవలాకారుడి కోసం ప్రచురణకర్త వస్తున్నాడు. రెండేళ్ళుగా రాస్తున్న నవలను చేతుల్లో పెట్టించుకుని వెళ్ళాలని.

శుక్రవారం పొద్దున్నే గగ్గోలు. రాతప్రతి పోయింది! బల్లమీద పెట్టిన కాగితాల కట్ట మాయం. నవలాకారుడు తల పట్టుకుని కూర్చున్నాడు. నిన్న, గురువారమంతా, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కుటీరంలోనే ఉండి రాశానంటాడు. రాత్రి ఎవరో కొట్టేశారంటాడు. టైపు చప్పుడు రోజంతా వినిపించిందని కవయిత్రి సాక్ష్యం. పోలీసు వచ్చాడు. అందరి కళ్ళూ జీవితచరిత్రల ఆయన మీద పడ్డాయి. ఎందుకంటే ఆ ముసలాయనకూ ఈయనకూ పాత గొడవ ఉంది. ఖూనీ లేదా అని నిరాశపడకండి. సేయర్స్ గారు 1935లో రాసిన 'గాడీ నైట్' అనే లావుపాటి నవలలోనూ ఖూనీ లేదు. ఆడపిల్లల కాలేజీ, అందులో బెదిరింపు ఉత్తరాలు, ఒక పంతులమ్మ ప్రాణం పెట్టి రాసుకున్న పుస్తకం ప్రూఫులు పాడుచేయడం. ప్రాణం తీయడం కన్నా రాత తీసేయడం చిన్న నేరం కాదని రాసేవాళ్ళను అడిగితే చెబుతారు.

సరే, మన కథలోకి వద్దాం. వంటావిడను ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ గిన్నెలు తోముకుంటూ గురువారం నాటి బుట్ట గురించి ఆలోచిస్తోంది. నవలాకారుడి బుట్ట ఆ రోజు ఖాళీగా తిరిగొచ్చింది. ఖాళీ అయితే మంచిదేగా అంటారా? ఆయన నెలరోజులుగా రోజూ బ్రెడ్డు అంచులు తీసి పక్కన పెడతాడు. రోజూ. ఆ అంచులు ఆవిడ కోళ్ళకు వేస్తుంది. గురువారం అంచులు లేవు. పోనీ ఏ పిట్టలకో వేసి ఉండొచ్చు. కానీ ఆపిల్ పండు? ఆయనది కట్టుడు పళ్ళ సెట్టు. ఆపిల్ కోసి ముక్కలుగా పెడితేనే తింటాడు. గురువారం హడావిడిలో ఆవిడ కోయడం మరిచిపోయి పండును పండుగానే పెట్టేసింది. బుట్టలో తిరిగొచ్చింది చుట్టూ కొరికేసిన ఆపిల్ నడిమి భాగం. దానిమీద చిన్న చిన్న పంటి గాట్లు. గట్టి పళ్ళు. పడుచు పళ్ళు.

శ్రోతలారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. గురువారం ఆ కుటీరంలో భోజనం చేసింది నవలాకారుడు కాదు. బుట్ట అబద్ధం చెప్పదు. మరి టైపు చప్పుడు? దానికి ఇంకో సాక్షి ఉన్నాడు, ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్. ముసలాయన రెండు వేళ్ళతో టకా... టకా... అని కొడతాడట. గురువారం మాత్రం వడగళ్ళ వానలా కురిసిందట. పది వేళ్ళూ ఆడిన చేతులవి. ఆ నలుగురిలో టైపు చక్కగా నేర్చిందీ, ఆపిల్ కొరకగలిగిందీ ఒక్కతే, కుర్ర రచయిత్రి.

అయితే దొంగ ఆ పిల్లేనా? మామూలు డిటెక్టివ్ అయితే ఇక్కడే బేడీలు తీసేవాడు. వంటావిడ ఇంకో అడుగు వేసింది. పగలంతా అక్కడ కూర్చున్న పిల్ల రాత్రి దొంగతనంగా రావడమెందుకు? ముసలాయన ఆ పగలంతా ఎక్కడున్నాడు? ఎందుకు దాస్తున్నాడు? ఆవిడకు ఇంకోటి కూడా తెలుసు. నెలరోజులుగా ఆయన కుటీరం చెత్తబుట్టలో ఒక్క నలిపి పారేసిన కాగితం కూడా రాలేదు. రాసేవాడి చెత్తబుట్టలో కాగితం లేకపోవడమేమిటి? అప్పుడు తెలిసింది. పోవడానికి రాతప్రతే లేదు. రెండేళ్ళుగా ఆయన ఒక్క పేజీ రాయలేదు. ప్రచురణకర్త ముందు పరువు పోతుందని భయపడి దొంగతనం నాటకం ఆడాడు. ఆ పిల్ల తన కథ టైపు చేసుకోవడానికి మెషీను అడిగితే, రోజంతా నా కుటీరంలో కూర్చుని కొట్టుకో, ఎవరికీ చెప్పకు అన్నాడు. ఆయన మాత్రం బస్సెక్కి పక్క ఊరు పోయి పార్కులో కూర్చున్నాడు.

ఈ వంటావిడ వెంటనే పోలీసు దగ్గరికి పోదు. ఈ రకం కథల్లో నాకు నచ్చేది ఇదే. గిన్నెలో సూపు పోసుకుని, ఆపిల్ సన్నగా ముక్కలు కోసుకుని, ముసలాయన దగ్గరికి పోతుంది. తిన్నాక ఆయనే చెప్పేస్తాడు. రాత్రి భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ ఒప్పుకుంటాడు. జీవితచరిత్రల ఆయన మీద పడ్డ నింద పోతుంది. ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. కోజీ మిస్టరీ ఇచ్చే హామీ అదే. ఊరి కళ్ళు చూసింది నిజమే అవుతుంది, నిర్దోషికి మచ్చ మిగలదు.

కానీ నిజమైన విడిదుల్లో ఎప్పుడూ అలాగే జరిగిందా? లేదు. ఈ సంగతి చెప్పకుండా ప్రసంగం ముగిస్తే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది.

న్యూయార్క్ రాష్ట్రంలో సరటోగా స్ప్రింగ్స్ అనే ఊరుంది. అక్కడా ఖనిజ జలాలే, వాటితోపాటు గుర్రప్పందాలు. ఆ ఊరి పక్కన యాడో అనే పెద్ద ఎస్టేటు. ట్రాస్క్ దంపతులది. నలుగురు పిల్లలు పుట్టి నలుగురూ పోతే, ఆ ఇల్లు కళాకారులకు వదిలేయాలని వాళ్ళు సంకల్పించారు. 1926లో మొదటి అతిథులు వచ్చారు. ఎలిజబెత్ ఏమ్స్ అనే ఆవిడ దాన్ని నడిపేవారు. పగలంతా నిశ్శబ్దం, రాత్రి అందరూ కలిసి భోజనం.

అక్కడ చాలాకాలం ఉన్న ఒక రచయిత్రి ఆగ్నెస్ స్మెడ్లీ. ఈ పేరుకూ మన హైదరాబాదుకూ ఒక ముడి ఉంది. సరోజినీ నాయుడు గారి తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ హైదరాబాదులో పుట్టినవాడు, విదేశాల్లో ఉండి స్వాతంత్ర్యం కోసం పోరాడిన విప్లవకారుడు. 1920లలో బెర్లిన్‌లో స్మెడ్లీ ఆయనతో కలిసి జీవించారు. అంతకుముందే మన విప్లవకారులకు సాయం చేసినందుకు న్యూయార్క్‌లో అరెస్టు కూడా అయ్యారు. తర్వాత చైనా వెళ్ళి, అక్కడి విప్లవం గురించి రాశారు. 1943లో యాడోకు వచ్చి, 1948 దాకా ఎక్కువ కాలం అక్కడే ఉన్నారు.

1949 ఫిబ్రవరి. స్మెడ్లీ రష్యా గూఢచారి అని అమెరికా సైన్యం ఒక నివేదికలో ప్రకటించింది. కొద్ది రోజులకే, రుజువులేమీ లేకుండా ప్రకటించడం పొరపాటని వెనక్కి తీసుకుంది. ఈలోగా యాడోకు ఎఫ్‌బీఐ మనుషులు వచ్చి అతిథుల్ని ప్రశ్నించారు. అప్పుడు బయటపడింది, ఏమ్స్ గారి సెక్రటరీ కొన్నేళ్ళుగా ఎఫ్‌బీఐకి సమాచారం ఇస్తోందని. భోజనాల దగ్గర ఎవరేం మాట్లాడారు, ఎవరు ఎవరిని మెచ్చుకున్నారు, అన్నీ చేరవేస్తోందని.

చూశారా? మన వంటావిడ ఉన్న చోటే ఈ సెక్రటరీ ఉంది. ఎవరూ లెక్కలో వేసుకోని మనిషి, అన్నీ చూసే మనిషి, అన్నీ వినే మనిషి. కానీ ఈవిడ సూపు గిన్నె పట్టుకెళ్ళలేదు. అడిగి తెలుసుకోలేదు. విన్నదంతా చీకట్లో ఎవరికో అప్పజెప్పింది.

తర్వాత జరిగింది అచ్చం డిటెక్టివ్ నవల చివరి అధ్యాయమే. అప్పుడు అక్కడ ఉంటున్న కవి రాబర్ట్ లోవెల్, యాడో పాలకమండలిని సమావేశపరిచాడు. ప్రాసిక్యూటరులా లేచి నిలబడ్డాడు. స్మెడ్లీకి చోటిచ్చిన ఏమ్స్‌ను తీసేయాలన్నాడు. అతని పక్షాన నిలిచిన అతిథుల్లో కథారచయిత్రి ఫ్లానరీ ఓకానర్ కూడా ఉంది. అప్పటికి ఇంకా ఇరవై మూడేళ్ళ అమ్మాయి. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు, సాక్ష్యాలు. క్రిస్టీ గారి డిటెక్టివ్ పోయిరో కథల్లో చూస్తామే, అలాగే. కానీ కవి వేసిన ముడులు ఒక్కటీ నిలవలేదు. బయట ఉన్న పాత అతిథులు చాలామంది ఏమ్స్ వైపు నిలిచారు. పాలకమండలి ఆరోపణలు కొట్టేసింది. ఆవిడ 1969 దాకా యాడోను నడిపారు. ఆ సమావేశం జరిగిన కొద్ది వారాలకే లోవెల్‌ను మానసిక చికిత్సాలయంలో చేర్చాల్సి వచ్చింది. స్మెడ్లీ మరుసటి ఏడాది, 1950 మేలో, ఇంగ్లండులో కన్నుమూశారు.

పాపం నిందపడి పోయిందని చాలామంది చాలాకాలం అనుకున్నారు. నవల అయితే అక్కడితో అయిపోయేది. కానీ 2005లో రూత్ ప్రైస్ అనే రచయిత్రి స్మెడ్లీ జీవితచరిత్ర ప్రచురించారు. పాత దస్తావేజులు తవ్వితే, చైనాలో ఉన్న రోజుల్లో స్మెడ్లీ రష్యా వాళ్ళకు రహస్యంగా పనిచేసిన మాట నిజమేనని తేలింది. అంటే సెక్రటరీ అనుమానంలో సగం నిజం. ఎటొచ్చీ ఆ నిజం జరిగింది యాడోలో కాదు. ఎన్నో ఏళ్ళ ముందు, వేల మైళ్ళ దూరంలో, షాంఘైలో. యాడో గూఢచారుల అడ్డా కానే కాదు, ఏమ్స్ తప్పేమీ చేయలేదు. సైన్యం రుజువు లేకుండా చెప్పింది, ఆ చెప్పింది సగం సరిపోయింది. కవి వాదించాడు, ఆ వాదన పూర్తిగా తప్పిపోయింది.

ఇలాంటి ముగింపు రాసి పంపిస్తే, కోజీ మిస్టరీలు వేసే సంపాదకుడెవరైనా సరే, నేరస్తులెవరో తేల్చి మళ్ళీ పంపండని రాతప్రతి తిప్పి పంపేస్తాడు.